సినిమా చూసొచ్చాక: పాఠకుల ప్రశ్నలు, లెక్కల టీచర్ జవాబులు

కొత్తగా చదివేవాళ్ళకు రెండు ముక్కలు. నేను ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, జిల్లా పరిషత్ బళ్ళలో 31 ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఉండేది తిరుపతి కొర్లగుంటలో. సినిమా హాళ్ళ పేర్లే కూడళ్ళకూ వీధులకూ పేర్లయిన ఊరు మాది. లీలామహల్ సర్కిల్ అన్నా, వి.వి.మహల్ రోడ్డు అన్నా ఆటో అబ్బాయికి ఇంకో గుర్తు చెప్పక్కర్లేదు. నేను విమర్శకురాలిని కాను. సినిమా కొత్తదా పాతదా అని కాకుండా, ఈ మధ్య చూశానా లేదా అన్నదే చూసుకుని, నాకు తోచింది రాస్తాను. ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ మంది మన జిల్లా కథల గురించే అడిగారు. నాకూ అదే కావలసింది.

*

ప్రశ్న: మేడమ్, మా పాప ఏడో తరగతి. లెక్కల పరీక్ష అంటే ముందురోజు రాత్రి నుంచే కడుపునొప్పి అంటుంది. '35 చిన్న కథ కాదు' చూపించమని పక్కింటావిడ చెప్పింది. చూస్తే ఇంకా టెన్షన్ పడుతుందేమోనని భయం. చూపించమంటారా? (ఒక తల్లి, రేణిగుంట)

జవాబు: చూపించండమ్మా. కానీ పాపను ఒక్కదాన్నే కూర్చోబెట్టకండి, మీరూ పక్కన కూర్చోండి. ఆ సినిమా పిల్లల కంటే ముందు అమ్మలకు అవసరం.

2024 సెప్టెంబరులో వచ్చింది. నందకిశోర్ ఈమాని తీశారు. కథ జరిగేది మన తిరుపతిలోనే. తిరుపతి అనగానే సినిమాల్లో కొండ, క్యూ లైను, గుండ్లు చూపించి వదిలేస్తారు. ఇందులో ఇక్కడే పుట్టి, ఇక్కడే బడికి పోయి, ఇక్కడే ఫెయిలయ్యే పిల్లలు కనిపిస్తారు. అరుణ్ అనే పిల్లవాడికి లెక్కలు ఎక్కవు. ఎందుకు ఎక్కవంటే వాడికి ఒక సందేహం ఉంది. సున్నకు విలువ లేదంటారు కదా, మరి ఒకటి పక్కన అది చేరితే పది ఎలా అవుతుంది, తొమ్మిది కంటే పెద్దది ఎలా అవుతుంది? జవాబు దొరక్క వాడు అక్కడే ఆగిపోయాడు. ప్రియదర్శి వేసిన లెక్కల మాస్టారు పిల్లల్ని వాళ్ళకు వచ్చిన మార్కులతో పిలుస్తాడు. అరుణ్ పేరు జీరో అయిపోతుంది. పదో తరగతి గట్టెక్కని తల్లి సరస్వతి, కొడుకు కోసం తనే మళ్ళీ పుస్తకం పడుతుంది. ఆ తల్లిగా నివేదా థామస్‌ను చూసి నేను రెండుసార్లు కళ్ళు తుడుచుకున్నాను. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ అవార్డుల్లో 2024కు ఉత్తమ నటి ఆమే.

మార్కుతో పిలవడం సినిమా కోసం కల్పించింది అనుకోకండి. నేను సర్వీసులో చేరిన కొత్తల్లో, ఒక ఊరి బడిలో, పరీక్ష పేపర్లు ఎక్కువ మార్కుల నుంచి తక్కువ మార్కులకు వరసగా పేర్చుకుని పంచేదాన్ని. బాగా రాసినవాళ్ళకు ఉత్సాహంగా ఉంటుందని అలా చేశాను. చివర్లో ముగ్గురు నలుగురు చేతులు కట్టుకుని నిలబడి ఉండేవాళ్ళు. ఎవరి పేపరు ఆఖరిదో క్లాసంతా చూసేది. ఒక అబ్బాయి పేపర్లు పంచే రోజు బడికి రావడం మానేశాడు. నాకు అర్థం కాలేదు. సంతలో వాళ్ళమ్మ ఆకుకూరలు అమ్ముతూ కనిపించి, "పేపర్లు ఇచ్చేది ఏ దినమో మావోడికి ముందే తెలిసిపోతుంది టీచరమ్మా, ఆ పొద్దు వాడికి జ్వరం వస్తుంది" అంది. కోపంగా కూడా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత రిటైరయ్యేదాకా హాజరుపట్టీ వరసలోనే, పేపరు బోర్లించి ఇచ్చాను. ఆ అబ్బాయికి మాత్రం నేను చేసింది చేసినట్టే ఉండిపోయింది.

సున్న సంగతి మీ పాప కూడా అడగొచ్చు. చీపురుపుల్లలు తీసుకోండి. తొమ్మిది దాకా విడివిడిగా పెట్టించండి. పదో పుల్ల రాగానే అన్నీ కలిపి రబ్బరు బ్యాండు వేసి, కట్టను ఎడమ పక్క పెట్టమనండి. ఇప్పుడు కుడి పక్క గదిలో ఎన్ని విడి పుల్లలున్నాయని అడగండి. ఏమీ లేవు. ఆ 'ఏమీ లేవు'ను రాసి చూపించే గుర్తే సున్న. ఎడమ గదిలోది ఒక పుల్ల కాదు, ఒక కట్ట, అని చెప్పడానికి అది అక్కడ కాపలా ఉంది. సున్నతో కూడికలు, తీసివేతలు ఎలా చేయాలో క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు సూత్రాలు రాసిపెట్టాడు. అంతటివాళ్ళు కూర్చుని ఆలోచించిన సంగతిని ఒక పిల్లవాడు అడిగితే, వాడికి లెక్కలు రావనడం తప్పు.

సినిమాలో నాకు నచ్చనిది ఒకటి ఉంది. తప్పంతా ఒక్క మాస్టారి మీద పడింది. 100కు 35 రావాలన్న గీత ఆయన గీసింది కాదు. రిజల్ట్స్ తగ్గితే పైనుంచి ఆయన్నీ అడుగుతారు. అది కూడా చూపించి ఉంటే మాస్టారు ఇంకా మనిషిగా కనిపించేవాడు.

*

ప్రశ్న: మీరు సినిమాలకు రేటింగ్ ఎందుకు ఇవ్వరు? అయిదుకు ఎన్నో చెబితే మాకు సులువు కదా. (ఒక పాఠకుడు, మదనపల్లె)

జవాబు: 31 ఏళ్ళు మార్కులు వేశాను నాయనా. ఇక వేయను.

*

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. హైదరాబాదులో మా మాట విని నవ్వేవాళ్ళు. 'పుష్ప' వచ్చినాక వాళ్ళే మా మాదిరి మాట్లాడతా ఉండారు. నాకైతే బో గర్వంగా ఉండాది. మీకు లేదా? (ఒక విద్యార్థి, భాకరాపేట)

జవాబు: ఉంది నాయనా. చాలా ఉంది. మన మాటను సినిమాలో విలన్ అనుచరులకో, నవ్వించేవాళ్ళకో ఇచ్చి హీరో మాత్రం కృష్ణా గుంటూరు మాట మాట్లాడటం ఎన్ని ఏళ్ళు చూశాం. 2021 డిసెంబరులో మొదటి భాగం వచ్చినప్పుడు హాల్లో మా వెనక వరసలో కూర్చున్న ముసలాయన, "ఇదేంది, మనోడి మాదిరే మాట్లాడతా ఉండాడే" అని పైకే అన్నాడు. ఆ మాట నాకు సినిమా కంటే ఎక్కువ గుర్తుంది. ఆ పాత్రకే అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి పురస్కారం వచ్చింది. తెలుగు నటుల్లో అది అందుకున్న మొదటివాడు ఆయనే. మన మాట మాట్లాడిన పాత్రకు రావడం నాకు ఇంకా సంతోషం.

ఒక్క మాట మాత్రం చెబుతాను. చిత్తూరు యాస అని ఒకటే లేదు. కుప్పం పిల్లకాయల మాటలో కన్నడం, అరవం రెండూ ఉంటాయి. సత్యవేడు వైపు పోతే ఇంకో రాగం. మదనపల్లె మాట అనంతపురానికి దగ్గర. నేను బదిలీ అయిన ప్రతిసారీ మొదటి నెల పిల్లల మాట వినడానికే సరిపోయేది. సినిమాలో వినిపించింది అందులో ఒక పోగు. మిగతావాటి కోసం ఇంకా సినిమాలు రావాలి.

ఇక కథ. ఎర్రచందనం దొంగరవాణా చేసే పుష్పకు ఉన్న అసలు బాధ డబ్బు కాదు, ఇంటిపేరు. సవతి అన్నలు ఆ పేరు చెప్పుకోనివ్వరు. రెండు భాగాలూ ఆ గాయం మీదే నడిచాయి. బడిలో అడ్మిషన్ రిజిస్టరు రాసిన ఏ టీచరుకైనా ఇది తెలుసు. తండ్రి పేరు గడి దగ్గరకు వచ్చేసరికి కొందరు తల్లుల గొంతు తగ్గిపోతుంది. ఆ గడి ఎంత బరువైందో దర్శకుడు సుకుమార్‌కు తెలుసు. అందుకు ఆయన్ని మెచ్చుకుంటాను.

కానీ నాయనా, నువ్వు భాకరాపేటవాడివి. శేషాచలం అడవి నీ ఇంటి వెనకే ఉంది. సినిమాలో అడవి చాలావరకు మారేడుమిల్లిది. అది తడి అడవి, పచ్చగా ఉంటుంది. మన ఎర్రచందనం రాతినేలలో, ఎండలో, ఏళ్ళ తరబడి మెల్లగా చేవ పట్టే చెట్టు. ఈ తూర్పు కనుమల దక్షిణ కొసన తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. దాన్ని కొట్టడానికి వచ్చేవాళ్ళలో హీరోలు నాకు కనిపించలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు, చాలామంది కొండ ఊళ్ళవాళ్ళు. ఆ రోజు నేను డ్యూటీకి పోతూ బస్సులో ఆ వార్త విన్నాను. తర్వాత ఎన్ని రోజులు దాని గురించి మాట్లాడుకున్నా అందరం 'ఆ 20 మంది' అనే అన్నాం. ఒక్కరి పేరు నాకు నోటికి రాలేదు. పుష్ప దుంగ మీద కాలు వేసుకుని కూర్చున్నప్పుడు హాలంతా ఈలలు వేస్తుంటే, నాకు ఆ సంఖ్య గుర్తొచ్చి చేతులు రాలేదు. నీ గర్వం నీది, దాన్ని తీసేయమనను. చెట్టు కొట్టిన కూలీ కథ కూడా మన యాసలోనూ, వాళ్ళ అరవంలోనూ ఎవరైనా తీస్తే మొదటి ఆటకే పోతాను.

*

ప్రశ్న: 'పుష్ప 2'లో జాతర సీను చూసి మా బెంగళూరు కొలీగ్స్ "హీరో చీర ఎందుకు కట్టుకున్నాడు?" అని అడిగారు. నాకు సరిగ్గా చెప్పడం రాలేదు. పుట్టింది తిరుపతే అయినా చిన్నప్పుడే వెళ్ళిపోయాం. మీరు చెప్పండి టీచర్. (ఒక పాఠకురాలు, బెంగళూరు)

జవాబు: సినిమాలోది మన తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర, అది మే నెలలో వస్తుంది. వారం పైనే జరుగుతుంది. గంగమ్మ వేంకటేశ్వరస్వామికి చెల్లెలని మన నమ్మకం. జాతరకు కొండ మీద నుంచి సారె వస్తుంది. కథ ఏమిటంటే, పూర్వం ఒక పాలెగాడు కంటబడిన ఆడపిల్లనల్లా చెరిచేవాడు. గంగమ్మ ఎదురు తిరగగానే పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి అమ్మ రోజుకో వేషం కట్టింది. బైరాగి, బండ, తోటి, చివరికి దొర. దొర వచ్చాడనుకుని వాడు బయటికి వచ్చాడు, అమ్మ వాడి తల తీసింది. తర్వాత మాతంగి వేషంలో ఊరు తిరిగింది. ఆ వేషాలే ఇప్పటికీ రోజుకొకటి కడతారు. కైకాల వంశంవాళ్ళది అందులో పెద్ద బాధ్యత. వేషం వీధిలోకి వస్తే ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి కాళ్ళు కడిగి హారతిస్తారు. వేషం కట్టింది ఎవరింటి అబ్బాయో అందరికీ తెలుసు, అయినా అప్పుడు అమ్మా అనే మొక్కుతారు.

ఇవి కాక మొక్కు ఉన్న మగవాళ్ళు చీర కట్టుకుని గుడికి పోతారు. మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆయన ఏటా కడతాడు. పసివాడుగా ఉన్నప్పుడు జబ్బు చేస్తే వాళ్ళమ్మ మొక్కుకుందట. ఆ రోజు పొద్దున్నే భార్య సవరం పెట్టి జడ వేస్తుంది, కనకాంబరాలు తురుముతుంది, తన గాజులు ఎక్కకపోతే సబ్బు రాసి ఎక్కిస్తుంది. పిల్లలు పక్కన నిలబడి కుచ్చిళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తారు. ఎవరూ నవ్వరు. మరుసటి రోజు ఆయన మళ్ళీ బొగ్గులు రాజేసుకుంటాడు.

మీ కొలీగ్స్‌కు ఇది చెప్పండి. ఆడవాళ్ళను చెరిచినవాణ్ణి చంపిన దేవతను, ఏడాదికొకసారి మగవాళ్ళు ఒంటి మీద మోస్తారు.

సినిమాలో ఆ సీను నాకు నచ్చింది. తెలుగు సినిమాల్లో మగవాడు చీర కడితే ఎన్నో ఏళ్ళు అది నవ్వించడానికే. ఇక్కడ ఎవరికీ నవ్వు రాలేదు, భయమూ భక్తీ వచ్చాయి. కాకపోతే సినిమాలో ఆ శక్తి అంతా హీరోది అయిపోయింది. జాతరలో అది ఎవరి సొంతమూ కాదు. ఇస్త్రీ ఆయనకు ఎంతో, ఆటో ఆయనకు అంతే. వీధి నిండా చీరలు కట్టిన మగవాళ్ళు, వాళ్ళ మధ్యలో హీరో ఒకడు, అలా చూపించి ఉంటే నేను ఇంకోసారి చూసేదాన్ని. వచ్చే మే నెలలో మీరే రండి. మా ఇంట్లో దిగండి.

*

ప్రశ్న: మేము 'మెయ్యళగన్' తమిళంలోనే చూశాం. తెలుగులో 'సత్యం సుందరం' అంట. మా ఆయన సగంలోనే లేచి పడుకున్నాడు. ఇద్దరు మగవాళ్ళు రాత్రంతా మాట్లాడుకోవడమే కదా, కథ ఏదీ అంటాడు. నాకేమో ఏడుపొచ్చింది. ఎవరిది తప్పు? (ఒక పాఠకురాలు, నగరి)

జవాబు: ఎవరిదీ తప్పు కాదమ్మా. పగలంతా పని చేసి వచ్చిన మనిషికి రాత్రి కథ చకచకా నడవాలి. ఈ సినిమా నడవదు, కూర్చుంటుంది.

నేనూ తమిళంలోనే చూశాను, చిత్తూరులో మా చెల్లెలి ఇంట్లో. మన వైపు ఇళ్ళలో రెండు భాషలూ తిరుగుతాయి కాబట్టి డబ్బింగ్ కోసం ఆగలేదు. సి.ప్రేమ్‌కుమార్ తీసిన సినిమా, 2024లో వచ్చింది. ఆస్తి తగాదాలో తంజావూరులోని పెద్దల ఇల్లు పోగొట్టుకుని ఊరు వదిలిపోయిన మనిషి అరవింద్ స్వామి. ఇరవై ఏళ్ళు దాటాక చెల్లెలి వరసయ్యే పిల్ల పెళ్ళికి ఒక్క రాత్రి కోసం వస్తాడు. అక్కడ కార్తి అతన్ని అంటిపెట్టుకుంటాడు. బావా బావా అని భోజనం పెట్టిస్తాడు, ఇంటికి తీసుకుపోతాడు, చిన్ననాటివన్నీ చెబుతాడు. ఇతనికి మాత్రం అతని పేరు గుర్తు రాదు. అడగడానికి మొహం చెల్లదు. ఆ రాత్రంతా అదే ముల్లు.

సినిమా చూడడానికి కొన్ని రోజుల ముందే నాకు అది జరిగింది. తిరుపతి బస్టాండులో పుత్తూరు బస్సు ఎక్కాను. కండక్టరు నన్ను చూడగానే "టీచర్, బాగుండారా?" అని ముందు సీటు ఖాళీ చేయించాడు. మోకాలి ఆపరేషన్ అయిందట కదా అన్నాడు. మా అబ్బాయి ఎక్కడున్నాడని అడిగాడు. నేను త్రికోణమితి చెబుతూ బడి వెనక చింతచెట్టు నీడ కొలిపించిన రోజును, ఎవరు టేపు పట్టుకున్నారో కూడా, చెప్పాడు. చెట్టు గుర్తుంది. టేపు గుర్తుంది. అబ్బాయి పేరు రాలేదు. వడమాలపేట దాకా అ నుంచి మొదలుపెట్టి పేర్లన్నీ మనసులో తిప్పాను. దిగేటప్పుడు నా సంచి అందిస్తూ, "నన్ను గుర్తుపట్టినారు కదా టీచర్" అన్నాడు. పట్టాను నాయనా అన్నాను.

అందుకే, అరవింద్ స్వామి తెల్లవారక ముందే చెప్పకుండా ఆ ఇంట్లోంచి బయటపడి నడుస్తుంటే, మా చెల్లెలు "వీడెందుకు పారిపోతున్నాడు?" అంది. నాకు తెలుసు. అంత ప్రేమ చూపించిన మనిషికి మనం అబద్ధం చెప్పాం అన్నది లోపల కూర్చుంటే ఆ ఇంట్లో ఉండలేం.

అతను ఊరు విడిచిపోతూ వదిలేసిన పాత సైకిలు ఆ కుటుంబాన్ని ఎలా నిలబెట్టిందో చెప్పే చోటు ఇంకోసారి చూడండి. మీ ఆయన్ని లేపకండి. రేపు ఆదివారం పొద్దున, కాఫీ తాగేటప్పుడు, ఆ ఒక్క ముక్క పెట్టండి.

పుత్తూరు బస్సులో ఆ కండక్టరు మళ్ళీ కనిపిస్తే పేరు అడిగేస్తాను. ఈ పత్రిక అతని కంటబడితే ఇంకా మేలు.

*

ప్రశ్న: మా వైపు మాట ఉన్న సినిమా ఒక్కటైనా ఉందా టీచర్? (ఒక పాఠకుడు, కుప్పం)

జవాబు: 'సినిమా బండి' చూడు. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, ప్రవీణ్ కంద్రేగుల తీశాడు. ఆంధ్ర కర్ణాటక సరిహద్దు పల్లెలో ఒక ఆటో డ్రైవరుకు ఖరీదైన కెమెరా దొరుకుతుంది. ఊరంతా కలిసి సినిమా తీద్దామంటాడు. మీ మాటకు చాలా దగ్గర. పెద్ద కథ ఏమీ లేదు, మనుషులు మాత్రం మన సంతలో కనిపించేవాళ్ళే.

*

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. మా ఊరి కన్నప్ప కథను న్యూజిలాండ్‌లో తీశారు. మీకు ఎలా అనిపించింది? మా అబ్బ పాత కృష్ణంరాజు సినిమానే గొప్పదంటాడు. (ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి)

జవాబు: మీ అబ్బ మాటకు నేను ఎదురు చెప్పను. 1976లో బాపు తీసిన 'భక్త కన్నప్ప' నేను చిన్నపిల్లగా చూశాను. అంతకు ముందు 1954లో 'కాళహస్తి మహాత్మ్యం' వచ్చింది. కన్నడ రాజ్‌కుమార్ తెలుగులో నటించిన ఒకే ఒక్క సినిమా అది. కన్నప్ప కథ అంటే మూడు భాషలవాళ్ళకూ ఇష్టమే. తమిళులకు ఆయన అరవై ముగ్గురు నాయనార్లలో ఒకరు.

2025 జూన్‌లో మంచు విష్ణు చేసిన 'కన్నప్ప' చూశాను. న్యూజిలాండ్ కొండలు అందంగానే ఉన్నాయి. అంత పచ్చదనం చూసి నాకు కాళహస్తి అనిపించలేదు. మన కన్నప్ప కొండ రాయి, ముళ్ళకంప, కింద స్వర్ణముఖిలో ఏడాదిలో చాలా రోజులు ఇసుకే. తిన్నడు నోట్లో నీళ్ళు పుక్కిట పట్టి తెచ్చి శివుడికి అభిషేకం చేశాడంటే, చేతుల్లో విల్లూ మాంసమూ ఉన్నాయి కాబట్టే కాదు, నీళ్ళు దొరకడమే కష్టమైన నేల కాబట్టి కూడా, అని నేను ఎప్పుడూ అనుకుంటాను. ఏరులూ మంచు కొండలూ వెనక కనిపిస్తుంటే ఆ పుక్కిటి నీళ్ళ విలువ తెలియదు. మొదటి సగం యుద్ధాలు నాకు ఎక్కువయ్యాయి.

చివరి భాగం మాత్రం నన్ను కదిలించింది. లింగం కంట రక్తం కారితే తన కన్ను పెరికి పెట్టి, రెండో కన్ను పెట్టడానికి చోటు తెలియదని కాలిబొటనవేలు గుర్తుగా పెట్టడం, ఎన్ని సినిమాల్లో చూసినా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. తిన్నడు అన్నది అమ్మానాన్న పెట్టిన పేరు. కన్నప్ప అన్నది కన్ను ఇచ్చాక వచ్చిన పేరు. మీ గుడి ఆచారం చూడు నాయనా. శివరాత్రి బ్రహ్మోత్సవాల్లో మొదటి ధ్వజారోహణం కన్నప్ప కొండ మీద భక్తుడికి, ఆ తర్వాతే స్వామికి. ఆ ఒక్క వరస సినిమాలో చూపించి ఉంటే ఎంత బాగుండేది!

మీ అబ్బను పాత సినిమా ఎక్కడ చూశాడో, ఎవరితో పోయాడో అడుగు. చెప్పింది రాసి పంపు.

*

ప్రశ్న: నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. 'కోర్ట్' సినిమా చూసి మా పిల్లలు తెగ చర్చించుకుంటున్నారు. క్లాసులో దాని గురించి మాట్లాడొచ్చా? పెద్దవాళ్ళు గొడవ పెడతారేమోనని సంకోచం. (ఒక అధ్యాపకుడు, చిత్తూరు)

జవాబు: తప్పకుండా మాట్లాడండి మాస్టారూ. మీరు మాట్లాడకపోతే వాళ్ళు ఫోన్లలో తెలుసుకుంటారు.

రామ్ జగదీశ్ తీసిన ఈ సినిమా 2025 మార్చిలో వచ్చింది. 2013లో విశాఖపట్నంలో జరిగినట్టు కథ. చందుకు 19 ఏళ్ళు, చిన్నాచితకా పనులు చేసుకుంటాడు. జాబిల్లికి 17. ఇద్దరికీ ఇష్టం. అమ్మాయి మామ మంగపతికి పరువు పట్టింపు. పిల్లలపై లైంగిక నేరాలను ఆపడానికి పెట్టిన పోక్సో చట్టం కింద కేసు పెట్టించి అబ్బాయిని జైలుకు పంపిస్తాడు. సినిమా పూర్తి పేరు 'కోర్ట్: స్టేట్ వర్సెస్ ఎ నోబడీ'. డబ్బూ పలుకుబడీ లేనివాడు కోర్టు ముందు ఎవరూ కానివాడవుతాడని ఆ పేరు. శివాజీ మంగపతిగా భయపెట్టాడు. అలాంటి మామలు పేరెంట్స్ మీటింగులకు వచ్చేవాళ్ళు, నాకు బాగా తెలుసు.

క్లాసులో ఒక సంగతి మాత్రం జాగ్రత్తగా చెప్పండి. సినిమా చూసి పిల్లలు పోక్సో చెడ్డ చట్టం అనుకోకూడదు. 2012లో వచ్చిన ఆ చట్టం ప్రకారం 18 నిండని ప్రతి ఒక్కరూ పిల్లలే, ఆడైనా మగైనా. అది రాకముందు ఎన్నో విషయాలు నాకు పిల్లలు చెవిలో చెప్పి ఏడిస్తే, ఎక్కడికి పోవాలో తెలియక నేనూ వాళ్ళతో పాటు కూర్చున్నాను. చట్టం అవసరం. దాన్ని అబద్ధంగా వాడటం నేరం. రెండూ ఒకే గంటలో చెప్పండి.

నాకు సినిమాలో లోటు అనిపించింది జాబిల్లి మాట. కేసంతా ఆ అమ్మాయి గురించి, కానీ ఆమె ఏమనుకుంటోందో మనకు చివరిదాకా సరిగ్గా వినిపించదు. లాయర్లు మాట్లాడారు, మామ మాట్లాడాడు. మీ క్లాసులో మాత్రం ముందు ఆడపిల్లల్ని మాట్లాడనివ్వండి.

*

ప్రశ్న: మా అమ్మకు 78. హాల్లో సినిమా చూసి పదిహేనేళ్ళయింది. ఒక చెవి పూర్తిగా, ఇంకో చెవి సగం వినపడదు. "ఒకసారి సినిమాకు తీసుకుపోరా" అంటోంది. ఇప్పటి సౌండుకు తట్టుకోగలదా? ఏ సినిమాకు తీసుకుపోవాలి? (ఒక కొడుకు, చంద్రగిరి)

జవాబు: కొత్త సినిమా వద్దు నాయనా. మాటలు అందక, మధ్యమధ్యలో నిన్ను అడగడానికి మొహమాటపడి, చూసినట్టు తల ఊపుతూ కూర్చుంటుంది. మా అమ్మ అలాగే కూర్చునేది. పాత సినిమాలు మళ్ళీ విడుదలవుతున్నాయి కదా, ఆమెకు మాటలు నోటికొచ్చిన సినిమా వచ్చేదాకా ఆగు. 1957 నాటి 'మాయాబజార్' రంగుల్లో 2010లో వచ్చినప్పుడు నేను మా అమ్మను తీసుకుపోయాను. తెర మీద ఘటోత్కచుడు నోరు తెరవక ముందే ఆమె పెదాలు కదిలాయి. వినపడాల్సిన పని లేకపోయింది.

పొద్దున ఆటకు పో, జనం తక్కువ ఉంటారు. నడవ పక్క సీట్లు తీసుకో, ఇంటర్వెల్‌లో మెట్లు దిగే పని పెట్టకు. స్పీకర్లకు దూరంగా మధ్య వరసలో కూర్చోబెట్టు. ఏ చెవి కాస్త వినపడుతుందో ముందే అడిగి, నువ్వు ఆ పక్కన కూర్చో.